తవ్వినా మొలిచే తుంగ: మూత్రాశయ క్యాన్సర్‌లో మూలకణాల పని

"గడ్డ మొత్తం తీసేశామన్నారు కదా, మూడు నెలలకే మళ్లీ ఎట్లా వచ్చింది?" హైదరాబాద్‌లో ఏ యూరాలజీ ఓపీ ముందు కూర్చున్నా, చేతిలో సిస్టోస్కోపీ (మూత్రాశయంలోకి దుర్భిణి పంపి చూసే పరీక్ష) రిపోర్టు పట్టుకున్న కుటుంబాల నోట వినిపించే ప్రశ్న ఇది. డాక్టరు చెప్పింది అబద్ధం కాదు. దుర్భిణికి కనిపించినదంతా నిజంగానే తీసేశారు. అయితే కనిపించిన కణితి పోవడం ఒకటి, ఆ కణితిని మళ్లీ కట్టగల కణం పోవడం ఇంకొకటి.

తుంగ పీకిన రైతుకు ఈ తేడా వేరే చెప్పనక్కర్లేదు. పైన ఆకు చేతికి వస్తుంది, కింద దుంప మట్టిలోనే ఉండిపోతుంది. ఇందులో ఇంకో మెలిక ఉంది. తుంగ దుంపలు గొలుసుకట్టుగా అల్లుకుని ఉంటాయి. పై దుంప బతికున్నంత కాలం కిందివి చాలావరకు నిద్రలోనే ఉంటాయి. నాగలి తగిలి గొలుసు తెగిందా, ఏ దుంపకా దుంప విడిగా మొలుస్తుంది. మూత్రాశయ క్యాన్సర్ మూలకణాల, అంటే కణితిని మళ్లీ కట్టగల కణాల, గురించి గత పదిహేనేళ్లలో తెలిసిన వాటిలో అన్నిటికంటే ఆలోచింపజేసే సంగతి సరిగ్గా ఇలాంటిదే. చికిత్స చేసే గాయమే నిద్రలో ఉన్న కణాలను లేపగలదు.

మూత్రాశయ క్యాన్సర్లలో సుమారు నాలుగింట మూడు వంతులు కండరంలోకి దిగకముందే బయటపడతాయి. అది ఊరటే. కానీ ఇంతగా తిరగబెట్టే క్యాన్సర్లు అరుదు. తిరగబెట్టడానికి కారణాలు నాలుగు: కోతలో మిగిలిపోయిన వేరు, గీకేటప్పుడు మూత్రంలో తేలి గాయం మీద అతుక్కున్న కణాలు, పైకి బాగానే కనిపిస్తూ లోపల అప్పటికే జన్యువులు చెడిన పొర, మామూలు వెలుతురులో కంటికి ఆనని చదునైన కార్సినోమా ఇన్ సైటు (పొర దాటని క్యాన్సర్). ఏ కారణమైనా చివరికి తేలాల్సింది ఒక్కటే, మిగిలిన కణం ఎలాంటిది అని. ఎందుకంటే కణితిలోని కణాలన్నిటికీ కొత్త కణితిని కట్టే సత్తువ ఉండదు.

లోపలి అస్తరు

మూత్రపిండంలో మూత్రం వచ్చి చేరే గిన్నె దగ్గర మొదలై, మూత్రనాళం పొడవునా, మూత్రాశయం దాకా లోపల పరిచిన అస్తరు ఒక్కటే. దాని పేరు యూరోథీలియం. పై వరసలో గొడుగు కణాలుంటాయి. పెద్దవి, చాలావాటికి రెండేసి కేంద్రకాలు. మూత్రం వైపున్న వాటి ముఖం మీద యూరోప్లాకిన్ ప్రోటీన్లు పలకల్లా పరుచుకుని ఉంటాయి. మూత్రంలోని మలినాలు తిరిగి ఒంట్లోకి ఇంకకుండా ఆపేవి అవే. మధ్యలో నడిమి కణాలు. అట్టడుగున చిన్న చిన్న బేసల్ కణాలు. బేసల్ కణాలను పట్టిచ్చే గుర్తులు కెరటిన్ 5, సీడీ44 అనే ప్రోటీన్లు. వాటిలో కొన్నిటికి కెరటిన్ 14 కూడా ఉంటుంది. గొడుగు కణాల గుర్తు కెరటిన్ 20. ఈ మూడు వరసలూ, ఈ గుర్తులూ మనసులో ఉంచుకుంటే తర్వాతి కథంతా సులువుగా అందుతుంది.

మామూలు రోజుల్లో ఈ అస్తరు నిదానంగా ఉంటుంది. పేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి కొత్తదైపోతుంటే, యూరోథీలియం మొత్తం మారడానికి నెలలు పడుతుంది. గాయమైతే మాత్రం లెక్క మారిపోతుంది. ఎలుక మూత్రాశయంలో ఈ.కోలై ఇన్ఫెక్షన్ వల్ల పై పొర ఊడిపోతే, అడుగున ఉన్న బేసల్ కణాలు గబగబా విభజన చెంది కొద్ది రోజుల్లోనే పొరను తిరిగి కట్టేస్తాయి. ఆ పని ఎలా జరుగుతుందో 2011లో వచ్చిన పరిశోధన విప్పి చూపింది. బేసల్ కణాలు సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే సంకేతాన్ని తమ కింద ఉన్న కణజాలానికి పంపుతాయి. ఆ కణజాలం బదులుగా వింట్ సంకేతాలను పైకి పంపుతుంది. ఆ ఇచ్చిపుచ్చుకోలుతోనే మరమ్మతు ఊపందుకుంటుంది.

మూలకణం లేకపోతే ఒక పొర ఏమైపోతుందో హైదరాబాద్ నగరానికి బాగా తెలుసు. కంటి నల్లగుడ్డు అంచున ఉండే లింబల్ మూలకణాలు సున్నం పడో యాసిడ్ పడో కాలిపోతే కార్నియా మసకబారిపోతుంది. బాగున్న రెండో కంటి నుంచి చిటికెడు లింబల్ కణజాలం తీసి, చిన్న ముక్కలు చేసి, చెడిన కంటి మీద అతికించే తేలిక పద్ధతిని బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు 2012లో ప్రకటించారు. అక్కడ మూలకణం చూపు తెచ్చిపెడుతుంది. అదే మరమ్మతు విద్య అదుపు తప్పిన కణం చేతిలో పడితే ఏమవుతుందన్నది మూత్రాశయం కథ.

పేరుతో వచ్చే తికమక

క్యాన్సర్ మూలకణం అంటే క్యాన్సర్ పుట్టిన మొదటి కణం అని చాలామంది అనుకుంటారు. రెండూ ఒకటి కావు. క్యాన్సర్ పుట్టిన కణం అన్నది పుట్టుకకు సంబంధించిన మాట. క్యాన్సర్ మూలకణం అన్నది ఇప్పుడు, ఈ కణితిలో, ఎవరు ఏ పని చేయగలరన్న మాట. తనలాంటి కణాన్ని మళ్లీ మళ్లీ పుట్టించుకోవడం, ఆ కణితిలో ఉండే తక్కిన రకాల కణాలన్నిటినీ కూడా పుట్టించడం, ఈ రెండూ చేతనైన కణాన్నే క్యాన్సర్ మూలకణం అంటారు. 1990ల్లో రక్త క్యాన్సర్‌లో, 2003లో రొమ్ము క్యాన్సర్‌లో ఇలాంటి కణాలను వేరుచేసి చూపారు. మూత్రాశయం వంతు 2009లో వచ్చింది.

ఇంకో తికమక ప్రమాదకరమైనది. నగరంలో అక్కడక్కడా "స్టెమ్ సెల్ థెరపీ" బోర్డులు కనిపిస్తాయి. క్యాన్సర్ మూలకణాల శాస్త్రానికీ వాటికీ ఏ సంబంధమూ లేదు. ఒంట్లోకి మూలకణాలు ఎక్కించి మూత్రాశయ క్యాన్సర్‌ను నయం చేసే చికిత్స ఏదీ లేదు. ఈ పేరు చెప్పి లక్షలు అడిగే చోట ఒక్క రోజు కూడా వృథా చేయకూడదు. కండరంలోకి దిగిన క్యాన్సర్‌కు ఒక్కో నెలా విలువైనదే.

ముక్క నుంచి ఎలుక దాకా

ఫలానా కణం మూలకణం అని ఎలా తేలుస్తారో దగ్గరగా చూస్తే ఈ రంగంలోని బలమూ బలహీనతా రెండూ తెలుస్తాయి.

పని ఆపరేషన్ థియేటర్లోనే మొదలవుతుంది. టీయూఆర్‌బీటీలో, అంటే మూత్రమార్గం గుండా వెళ్లి మూత్రాశయ కణితిని తీసే ఆపరేషన్‌లో, కరెంటు లూపుతో గీకిన ముక్కల అంచులు మాడిపోయి ఉంటాయి. మాడిన కణం సజీవ పరీక్షకు పనికిరాదు. అందుకే ల్యాబ్‌కు వెళ్లే ముక్కను కరెంటు వాడకుండా కప్ ఫోర్సెప్స్‌తో తుంచితే మేలు. దాన్ని యాంటీబయాటిక్ కలిపిన కల్చర్ ద్రవంలో, మంచు మీద పెట్టి పంపాలి. అలవాటు కొద్దీ ఎవరైనా కణాలను చంపి నిలవ ఉంచే ఫార్మలిన్ సీసాలో వేశారా, ఆ ప్రయోగం అక్కడితో సరి. ల్యాబ్‌లో ముక్కను 1 మిల్లీమీటరు తునకలుగా తరిగి, కొలాజినేజ్ ఎంజైమ్‌లో 37 డిగ్రీల వద్ద గంటో రెండు గంటలో ఉంచి, 40 మైక్రాన్ల జల్లెడలో వడపోస్తారు. తొందరపడి ట్రిప్సిన్ ఎక్కువసేపు వాడితే కణం మీదున్న గుర్తు ప్రోటీన్లను అదే కోసేస్తుంది. ఆ తర్వాత యంత్రం "ఈ కణానికి గుర్తు లేదు" అంటుంది. నిజానికి గుర్తు ఉంది, మనమే గీకేశాం.

తర్వాతి మెట్టు ఫ్లో సైటోమీటర్. హబ్సిగూడ దగ్గరి సీసీఎంబీ లాంటి సంస్థల్లో ఉండే ఈ యంత్రం, గుర్తులకు అంటుకునే రంగు యాంటీబాడీలు పూసిన కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపి వేరుచేస్తుంది. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. సీడీ44 బేసల్ క్యాన్సర్ కణాల సొత్తు మాత్రమే కాదు, తెల్ల రక్తకణాల మీద కూడా దండిగా ఉంటుంది. కాబట్టి ముందు సీడీ45 ఉన్న తెల్లకణాలను, సీడీ31 ఉన్న రక్తనాళాల కణాలను పక్కకు తీసేయాలి. చచ్చిన కణాలకు ఏ యాంటీబాడీ అయినా జిడ్డులా అంటుకుంటుంది, వాటినీ వేరే రంగుతో గుర్తించి తీసేయాలి. ఈ రెండు జాగ్రత్తలూ వదిలేస్తే "మూలకణాలు" అని జాగ్రత్తగా ఏరుకున్నవి కణితిలోకి వచ్చి చేరిన లింఫోసైట్లే కావచ్చు.

ఏరిన కణాలను మ్యాట్రిజెల్ అనే జిగురులో కలిపి, రోగనిరోధక శక్తి లేని ఎన్‌ఎస్‌జీ ఎలుకల చర్మం కింద ఎక్కిస్తారు. కొన్నిటికి 10 కణాలు, కొన్నిటికి 100, కొన్నిటికి 1,000, మరికొన్నిటికి 10,000. నెలల తరబడి చూస్తారు. ఎంత మోతాదు దగ్గర 37% ఎలుకల్లో కణితి రాకుండా ఉంటుందో, ఆ మోతాదులో సగటున ఒక్క కణితి కట్టగల కణం ఉన్నట్టు లెక్క. ఇది పాయిసన్ గణితం. వచ్చిన కణితిని తీసి, మళ్లీ విడగొట్టి, రెండో ఎలుకకు, మూడో ఎలుకకు మార్చినా అది మొలవాలి. మొదటి రోగి కణితిలోని వైవిధ్యం ప్రతిసారీ తిరిగి కనిపించాలి. అప్పుడే మూలకణం అన్న పేరు నిలుస్తుంది. గిన్నెలో గుండ్రటి బంతుల్లా పెరిగాయి కాబట్టి మూలకణాలే అని తేల్చే పత్రాలు చాలా ఉన్నాయి. అవి చాలవు. కణాలను దట్టంగా వేస్తే ఒక కణం పెరిగి బంతి అవ్వడానికి బదులు, పది కణాలు వచ్చి ఒకదాన్నొకటి అతుక్కుని బంతి అవుతాయి.

ఎలుక కూడా నిష్పాక్షిక సాక్షి కాదు. 2008లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మీద చేసిన పని దీన్ని గట్టిగా గుర్తుచేసింది. నిరోధక శక్తి మరింత తగ్గించిన ఎలుకల్ని వాడి, పద్ధతి కొంచెం మార్చేసరికి, లక్షల్లో ఒకటి అనుకున్న కణితి కట్టే కణం ఏకంగా నాలుగింట ఒకటిగా తేలింది. మూలకణాల లెక్క కణితిని బట్టి ఎంత ఉంటుందో, పరీక్ష పెట్టిన తీరును బట్టీ అంతే ఉంటుంది.

2009 చెప్పింది, చెప్పనిది

రోగుల మూత్రాశయ కణితుల్లో సీడీ44, కెరటిన్ 5 ఉండి, కెరటిన్ 20 లేని కణాలు ఎలుకల్లో కణితి కట్టడంలో మిగతా వాటికంటే ఎంతో ముందున్నాయని 2009లో స్టాన్‌ఫర్డ్ బృందం చూపింది. అంటే గుర్తులు చూస్తే ఆరోగ్యవంతమైన బేసల్ కణం అచ్చే. అదే పత్రంలో 300కు పైగా కణితుల నమూనాలను పరీక్షించి ఇచ్చిన ఇంకో లెక్క ఉంది, దాన్ని ఎక్కువమంది పట్టించుకోరు. ఈ కణాల్లో చురుగ్గా ఉన్న సంకేత మార్గాలు ఒక్కో కణితిలో ఒక్కోలా ఉన్నాయి. జీఎల్‌ఐ1 సుమారు 80%, స్టాట్3 45%, బీఎంఐ1 10%, బీటా కెటెనిన్ 5%. పైకి ఒకే యూనిఫాం వేసుకున్న కణాలు లోపల వేర్వేరు ఇంజన్ల మీద నడుస్తున్నాయి. ఒక్క మార్గాన్ని మూసే మందుతో అందరి మూలకణాలూ చస్తాయన్న ఆశ మొదటి పత్రంలోనే పలచబడింది.

సీడీ44 అన్ని మూత్రాశయ కణితుల్లోనూ దొరకదు. కండరంలోకి దిగిన క్యాన్సర్లను 2020లో అంతర్జాతీయ నిపుణులు ఆరు రకాలుగా పంచినప్పుడు బేసల్, స్క్వేమస్ లక్షణాలున్నవి 35%గా, లూమినల్ పాపిల్లరీ 24%గా తేలాయి. లూమినల్ రకంలో కణాలు గొడుగు కణాల పోలికలోకి వెళ్లి ఉంటాయి, అక్కడ బేసల్ గుర్తులతో వేట సాగదు. పువ్వులా పెరిగే పైపై కణితుల్లో ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అనే జన్యువులో మార్పు ఎక్కువ, లోతుకు దిగేవాటిలో టీపీ53, ఆర్‌బీ1 జన్యువులు దెబ్బతినడం ఎక్కువ. ఈ రెండు దారులకూ మూలం వేర్వేరు కణాలు కావచ్చని ఎలుకల్లో చేసిన పనులు సూచిస్తున్నాయి. 2014లో, బీబీఎన్ అనే రసాయనం కలిపిన నీళ్లు తాగిన ఎలుకల్లో, కండరంలోకి దిగిన ప్రతి కణితీ హెడ్జ్‌హాగ్ సంకేతం ఇచ్చే బేసల్ కణం నుంచే వచ్చిందని తేలింది. ఒక్క కణం సంతానమే అస్తరులో పెద్ద భాగాన్ని ఆక్రమించి, మనుషుల్లో కనిపించే కార్సినోమా ఇన్ సైటును పోలిన పొరగా మారింది. విచిత్రంగా, కణితి లోతుకు దిగాక ఆ హెడ్జ్‌హాగ్ సంకేతమే మాయమైంది. పుట్టించిన సంకేతం వేరు, పెంచే సంకేతం వేరు.

2009 పత్రంలోనే ఇంకో ఆశ మొలిచింది. ఈ కణాల మీద సీడీ47 ఎక్కువ. మాక్రోఫేజ్‌లకు (చెడు కణాలను మింగే రక్షణ కణాలకు) "నన్ను తినకు" అని చెప్పే గుర్తు అది. దాన్ని యాంటీబాడీతో కప్పితే ల్యాబ్‌లో మాక్రోఫేజ్‌లు క్యాన్సర్ కణాలను మింగాయి. ఆ ఆలోచనతో వచ్చిన మ్యాగ్రోలిమాబ్ రక్త క్యాన్సర్ల పెద్ద పరీక్షల్లో 2023, 2024లలో విఫలమై ఆగిపోయింది. ఎర్ర రక్తకణాల మీద కూడా సీడీ47 ఉంటుంది కాబట్టి రక్తహీనత మొదటి నుంచీ వెంటాడింది.

కీమో ఇచ్చిన గాయం

కండరంలోకి దిగిన క్యాన్సర్‌కు ఆపరేషన్ ముందు సిస్‌ప్లాటిన్‌తో కూడిన కీమో ఇవ్వడం ఎన్నో ఏళ్లుగా ఉన్న పద్ధతి. 1985లో న్యూయార్క్ నుంచి వచ్చిన ఎంవ్యాక్ అనే నాలుగు మందుల కలయికలో మొదటి అక్షరం మెథోట్రెక్సేట్‌ది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల తయారుచేసిన ఫోలిక్ ఆమ్ల విరోధుల కోవలోని మందు అది. మెథోట్రెక్సేట్ అయినా జెమ్‌సిటబిన్ అనే మరో కీమో మందు అయినా దెబ్బ తీసేది డీఎన్ఏను నకలు చేసుకుంటున్న కణాన్ని. విభజన ఆపి పడుకున్న కణం మీద వాటి వేటు సరిగా పడదు. దీనికి తోడు మూలకణాల్లో మందును బయటికి తోసే ఏబీసీజీ2 పంపులు, విషపదార్థాలను విరిచే ఏఎల్‌డీహెచ్ ఎంజైములు ఎక్కువగా కనిపిస్తాయి. మొదట అందరూ ఇంతవరకే ఆలోచించారు: మూలకణం తట్టుకుని నిలబడుతుంది, అందుకే వ్యాధి తిరగబెడుతుంది.

2015లో నేచర్ పత్రికలో వచ్చిన పని ఆ చిత్రాన్ని మార్చింది. మనిషి మూత్రాశయ కణితిని ఎలుకలో పెంచి, కీమో సైకిళ్లు ఇచ్చి, సైకిలుకూ సైకిలుకూ మధ్య ఏం జరుగుతోందో చూశారు. కీమోతో చచ్చిపోతున్న పక్క కణాలు ప్రోస్టాగ్లాండిన్ ఈ2 వదులుతున్నాయి. గాయమైన చోట ఒళ్లు వాడే సంకేతమే అది. దాన్ని అందుకుని అంతవరకూ పడుకున్న కెరటిన్ 14 కణాలు లేచి విభజన మొదలుపెట్టాయి. పుండు మాన్పే పనిలాగే ఖాళీ అయిన చోటును నింపాయి. మొదటి సైకిళ్లకు కరిగిన కణితి తర్వాతి సైకిళ్లకు లొంగకుండా పోవడానికి ఇది ఒక కారణం. ప్రోస్టాగ్లాండిన్ తయారీకి కావాల్సిన కాక్స్2 ఎంజైమ్‌ను అడ్డుకునే సెలెకాక్సిబ్ కలిపి ఇస్తే ఆ మేల్కొలుపు తగ్గింది, కీమో ప్రభావం నిలిచింది. తుంగ గొలుసు తెగినప్పుడు జరిగేది ఇదే.

మోకాళ్ల నొప్పులకు వాడే చవక మాత్ర కదా, వేసుకుంటే పోలేదా అని ఎవరికైనా అనిపిస్తుంది. వేసుకోకూడదు. కండరంలోకి దిగని క్యాన్సర్‌లో మామూలు చికిత్సకు తోడు రోజుకు రెండుసార్లు 200 మిల్లీగ్రాముల సెలెకాక్సిబ్ రెండేళ్లు ఇచ్చి చూసిన బ్రిటన్ పరీక్ష బాక్సిట్. 472 మంది పాల్గొన్నారు. 2019లో వచ్చిన ఫలితంలో వ్యాధి తిరగబెట్టడం తగ్గలేదు, గుండె సంబంధమైన తీవ్ర ఇబ్బందులు మాత్రం మందు తీసుకున్నవారిలో ఎక్కువగా కనిపించాయి. ఎలుకలో చూసింది కీమో సైకిళ్ల మధ్య మేల్కొలుపు, బాక్సిట్‌లో చూసింది వేరే దశ వ్యాధి, వేరే చికిత్స. కాబట్టి 2015 నాటి పని తప్పని బాక్సిట్ తేల్చలేదు. కానీ ఆ మాత్రను మన అంతట మనం మొదలుపెట్టడానికి ఆధారమూ లేదు. సిస్‌ప్లాటిన్ తీసుకుంటున్న మనిషి కిడ్నీలకు అలాంటి నొప్పి మాత్రలు అదనపు దెబ్బ కూడా.

సైకిళ్ల మధ్య ఖాళీ తగ్గిస్తే? పాత ఎంవ్యాక్ 28 రోజులకోసారి, జెమ్‌సిటబిన్-సిస్‌ప్లాటిన్ 21 రోజులకోసారి, తెల్లకణాలు పెంచే ఇంజక్షన్లతో ఇచ్చే డోస్-డెన్స్ ఎంవ్యాక్ 14 రోజులకోసారి. ఫ్రాన్సులో జరిగిన వెస్పర్ పరీక్షలో, ఆపరేషన్‌కు ముందు కీమో తీసుకున్నవారిని చూస్తే, మూడేళ్ల నాటికి వ్యాధి ముదరకుండా ఉన్నవారు డోస్-డెన్స్ గుంపులో 66%, జెమ్‌సిటబిన్ గుంపులో 56%. ఈ తేడా అంతా మూలకణాలకు నిద్రలేచే వ్యవధి దొరక్కపోవడం వల్లే అనడం తొందరపాటు. మందులూ వేరు, సైకిళ్ల సంఖ్యా వేరు. అయినా ఇందులో రోగి చేతిలో ఉన్న విషయం ఒకటుంది. పండగనో, పెళ్లి ఉందనో, ఊరెళ్లాలనో సైకిలును రెండు వారాలు జరపడం చిన్న విషయం కాదు. సైకిలు ఆగకుండా ఉండాలంటే కిడ్నీ నిలబడాలి. పూర్తి మోతాదు సిస్‌ప్లాటిన్‌కు క్రియాటినిన్ క్లియరెన్సు (కిడ్నీ వడపోత వేగం) నిమిషానికి 60 మిల్లీలీటర్ల దగ్గర ఉండాలన్నది వాడుకలో ఉన్న హద్దు. కణితి మూత్రనాళాన్ని నొక్కి కిడ్నీ వాచి ఉంటే, ముందు వీపు వైపు నుంచి కిడ్నీలోకి వేసే నెఫ్రోస్టమీ గొట్టంతో ఆ ఒత్తిడి తీసి, అంకె మెరుగుపడ్డాక కీమో మొదలుపెడతారు.

ఇటీవలి పెద్ద మేలు మూలకణాల వేటలోంచి రాలేదు. నెక్టిన్-4 అనే గుర్తును పట్టుకుని కణంలోకి విషాన్ని దించే ఎన్‌ఫార్టుమాబ్ వెడోటిన్‌ను రోగనిరోధక శక్తిని లేపే పెంబ్రోలిజుమాబ్‌తో కలిపి ఇస్తే, పాకిపోయిన వ్యాధిలో మధ్యస్థ మనుగడ (సగం మంది బతికి ఉన్న కాలం) కీమోతో వచ్చే 16.1 నెలల నుంచి 31.5 నెలలకు పెరిగిందని 2023లో తేలింది. ఇక్కడా వరసల కథ వదల్లేదు. నెక్టిన్-4 లూమినల్ రకంలో ఎక్కువ, బేసల్ రకంలో తక్కువ. కణం వేషం మార్చి బేసల్ వైపు జారితే పట్టుకునే పిడి చిన్నదవుతుంది. మూలకణత్వం ఒక జాతి కాదు, ఒక స్థితి అని ఇప్పుడు ఎక్కువమంది అనుకోవడానికి ఇలాంటి జారుళ్లే కారణం. ఇవాళ గుర్తు లేని కణం రేపు గాయం తగిలితే ఆ గుర్తు తొడుక్కోగలదు. మూలకణాలను మాత్రమే చంపే మందు ఒక్కటే చాలదని ఈ వ్యాసం భావించడానికీ అదే కారణం.

థియేటర్లో తేలే లెక్క

మూలకణాలకు ప్రత్యేకమైన మందు లేకపోయినా, వాటిని మిగల్చకుండా ఉండే మెలకువలు ఉన్నాయి. అవి ఖరీదైనవి కావు.

టీయూఆర్‌బీటీ రిపోర్టులో మొదట చూడాల్సిన మాట కండరం. "డెట్రూసర్ కండరం (మూత్రాశయ గోడలోని కండరం) ఉంది, అందులో కణితి లేదు" అని రాసి ఉంటే కోత చాలినంత లోతుకు వెళ్లినట్టు. "కండరం కనిపించలేదు" అని ఉంటే కణితి ఎంత లోతుకు దిగిందో ఎవరికీ తెలియనట్టే. టీ1 దశ (అస్తరు దాటింది కానీ కండరం చేరలేదు) అని వచ్చినా, మొదటి కోత అసంపూర్తి అనిపించినా, రెండు నుంచి ఆరు వారాల్లో మళ్లీ లోపలికి వెళ్లి అదే చోటును గీకాలి. టీ1లో అలా వెళ్లినప్పుడు మూడో వంతు నుంచి సగం మందిలో కణితి ఇంకా మిగిలి ఉండటం కనిపించేది. "మొన్ననే చేశారు, మళ్లీ ఎందుకు" అని వాయిదా వేసుకునేవారు కోల్పోయేది ఈ అవకాశాన్నే.

గీకినప్పుడు తేలిన కణాల సంగతి వేరు. కాలిన గాయం మీద హైలూరోనిక్ ఆమ్లం ఊరుతుంది. సీడీ44 పట్టుకునేది సరిగ్గా దాన్నే. అందుకే రిస్క్ తక్కువున్న కణితుల్లో, కోత జరిగిన 24 గంటల్లోపు, వీలైతే మొదటి ఆరు గంటల్లోనే, 40 మిల్లీగ్రాముల మైటోమైసిన్ లాంటి మందును ఒక్కసారి మూత్రాశయంలోకి వదులుతారు. కణం అతుక్కోకముందే కడిగే పని ఇది, మరుసటి వారం చేస్తే ఫలం లేదు. మూత్రాశయం గోడకు చిల్లు పడిందన్న అనుమానం ఉన్నా, రక్తం ఆగకుండా కారుతున్నా ఇవ్వకూడదు. మందు కడుపులోకి జారితే అంతకంటే పెద్ద ప్రమాదం.

రిస్క్ ఎక్కువున్నవారికి బీసీజీ, అంటే క్షయ టీకాలో వాడే బలహీనపరిచిన క్రిమిని మూత్రాశయంలోకి వదలడం. వారానికొకటి చొప్పున ఆరు, ఆ తర్వాత మూడో నెల, ఆరో నెల, అక్కడి నుంచి ఆరేసి నెలలకోసారి మూడేళ్ల దాకా, ప్రతిసారీ వారానికొకటి చొప్పున మూడు. కెథటర్ వేసేటప్పుడు రక్తం వచ్చినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఆ రోజు బీసీజీ వేయకూడదు. బతికున్న క్రిమి నేరుగా రక్తంలోకి పోతుంది. మొదటి ఆరు కాగానే మంట తగ్గింది, ఇంక చాలు అని మానేయడం మన దగ్గర తరచు జరిగే పొరపాటు. నిరోధక కణాల కాపలా నిలిచేది మెయింటెనెన్స్ డోసులతోనే.

మూత్రనాళంలో, కిడ్నీ గిన్నెలో పుట్టే కణితులు యూరోథీలియల్ క్యాన్సర్లలో 5 నుంచి 10%. గోడ పలచన కావడంతో సగానికి పైగా బయటపడేసరికే లోతుకు దిగి ఉంటాయి. కిడ్నీనీ నాళాన్నీ తీసేశాక కూడా 22 నుంచి 47% మందిలో మూత్రాశయంలో కణితి వస్తుంది. అది కొత్త క్యాన్సరా, పైనుంచి కొట్టుకొచ్చిన విత్తనమా? రెండు కణితుల జన్యువులను పోల్చి చూసిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఒకే కణం సంతానమని తేలుతోంది, అంటే విత్తనమే. అందుకే ఈ ఆపరేషన్‌లో నాళం మూత్రాశయంలోకి దిగే చోటును చుట్టూ ఉన్న గోడతో సహా తీయాలి. కెథటర్ తీసేముందు ఒక్క డోసు మైటోమైసిన్ ఇవ్వడమూ ఆ విత్తనం కోసమే. సీటీ స్కాన్‌లోనే స్పష్టంగా తెలిసిపోతున్న కణితికి కూడా అలవాటుగా యూరెటరోస్కోపీ (మూత్రనాళంలోకి దుర్భిణి పంపడం) చేసి ముక్క తీస్తే మూత్రాశయంలో తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. ముక్క నిజంగా అవసరమా అని అక్కడ ఒకసారి అడగడం న్యాయం. ఇలాంటి కణితి చిన్న వయసులో వచ్చినా, ఇంట్లో పెద్దపేగు లేదా గర్భాశయ క్యాన్సర్లు ఉన్నా, వంశపారంపర్యంగా వచ్చే లించ్ సిండ్రోమ్ పరీక్ష చేయించాలి.

ఏ పరీక్షకు డబ్బు పెట్టాలి, దేనికి వద్దు అన్నదీ చెప్పుకోవాలి. సీడీ44, ఏఎల్‌డీహెచ్ లాంటి మూలకణ గుర్తుల పరీక్షలు ఇవాళ ఏ చికిత్స నిర్ణయాన్నీ మార్చవు. వాటికి ఖర్చు అక్కర్లేదు. పాకిపోయిన వ్యాధిలో ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 పరీక్ష మాత్రం ఎర్డాఫిటినిబ్ మాత్రకు దారి చూపగలదు. దానికి బయాప్సీ మైనపు దిమ్మె కావాలి. ఆసుపత్రి మారేటప్పుడు రిపోర్టు కాగితాలతో పాటు దిమ్మెలు, స్లైడ్లు కూడా అడిగి తీసుకెళ్లాలి. ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లినా, కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్లినా మొదట అడిగేవి అవే.

ఇదంతా మొదలయ్యే చోటు ఇంట్లో బాత్రూమ్. హైదరాబాద్ ఎండల్లో మూత్రం ఎర్రగా వస్తే ఇంట్లో వినిపించే మొదటి మాట "వేడి చేసింది." బార్లీ నీళ్లు, సబ్జా గింజలు మొదలవుతాయి. రెండు రోజుల్లో రంగు మామూలవుతుంది. మూత్రాశయ కణితి రక్తం కూడా అలాగే, నొప్పి లేకుండా వచ్చి తనంతట తానే ఆగుతుంది. రంగు తగ్గింది బార్లీ వల్ల అనిపిస్తుంది. 40 దాటినవారికి, ముఖ్యంగా బీడీ సిగరెట్ అలవాటున్నవారికి, రంగుల పరిశ్రమలో పని చేసినవారికి, నొప్పి లేకుండా ఒక్కసారి రక్తం కనిపించినా అల్ట్రాసౌండ్‌తో సరిపెట్టకుండా సిస్టోస్కోపీ చేయించాలి. చదునైన కణితి అల్ట్రాసౌండ్‌కు దొరకదు. చికిత్స అయ్యాక కూడా మూడో నెల సిస్టోస్కోపీ తప్పనిసరి. రిస్క్ ఎక్కువైతే రెండేళ్ల పాటు మూడు నెలలకోసారి, ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. దానితో పాటు మూత్రంలో రాలిన కణాల పరీక్ష కూడా. దానికి రాత్రంతా నిలవ ఉన్న తొలి మూత్రం వద్దు, కణాలు చెడిపోయి ఉంటాయి. రెండోసారి పోసింది పట్టి ఇవ్వాలి.